లింబాద్రి మంచు పలకలు

సైన్యం నుంచి వచ్చేటప్పుడు లింబాద్రి కోరుట్లకు తెచ్చుకున్న ఆస్తి మంచు మీద జారే రెండు పొడుగు చెక్క పలకలు. మండుటెండల్లోనూ వాటికి భక్తిగా మైనం రాసేవాడు. రోజూ పొద్దున్నే చాయ్ హోటల్ బల్లెక్కి, మోకాళ్లు వంచి మంచుశాస్త్రం బోధించేవాడు: "వసంతంల మంచు రాత్రి గడ్డకట్టి రాయైతది. పొద్దెక్కి మెత్తబడకముందే శిఖరం మీదికెల్లి సర్రున దిగాలె. గాలి గూడ నన్నందుకోకపోతుండె!"

నక్సలైట్ల కోసం వాడంతా సోదా చేస్తున్న ఎస్సైకి ఆ పలకలు కనబడ్డాయి.

"గివేందిరా?"

"మంచు మీద జారేటియి సార్."

"కోరుట్లల మంచా? గుట్టలెక్కి సర్రున దిగుతవని ఊరంత చెప్తున్నది. అన్నలకు గసొంటోడే కావాలె. జీపెక్కు!"

జీపెక్కినవాళ్లందరూ తిరిగిరాని కాలమది. వాడంతా చూస్తుండగా లింబాద్రి ఎస్సై కాళ్ల మీద పడ్డాడు. "నేనెన్నడు జారలే సార్! మిలిట్రీల వంటోన్ని. పారేస్తుంటే తెచ్చుకున్న!"

ఎస్సై నవ్వి వెళ్లిపోయాడు. మర్నాడు హోటల్లో ఇసుక వేస్తే రాలనంత జనం, లింబాద్రి ముఖం చూడాలని. అతను తాపీగా వచ్చి, బల్లెక్కి, మోకాళ్లు వంచాడు.

"చూసిండ్రా? వంటోన్నంటే ఎస్సై ఎట్ల నమ్మిండో!"