పక్కింటి అంకుల్ అసలు పేరు

మొన్న మంగళవారం పొద్దున స్కోఫీల్డ్స్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా పెర్త్ నుంచి ఫోన్ వచ్చింది. మా పక్కింటి అంకుల్ కూతురు. వృద్ధుల్ని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో నాన్న నిద్రలోనే పోయారని చెప్పింది. గొంతు నిలకడగానే ఉంది. చివర్లో మాత్రం, "మీ అమ్మగారికి నేను చెప్పలేను, మీరే చెప్పండి" అని ఆగిపోయింది. రైలు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఇంటికి తిరిగి నడిచాను.

అమ్మ వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తోంది. చెప్పాను. "యోస్ట్ గారు పోయారా" అంది, అడిగినట్టు కాదు, తనకి తను చెప్పుకున్నట్టు. చేతులు కడుక్కుని పెరట్లోకి వెళ్లి, ఆయన ఇంటి వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. ఆ ఇంట్లో ఏడాదిగా వేరేవాళ్లు ఉంటున్నారు.

ఆయన మాకు చుట్టం కాదు, మా భాష మనిషీ కాదు. నెదర్లాండ్స్‌లో పుట్టి, పందొమ్మిదో ఏట ఓడెక్కి ఈ దేశం వచ్చారు. ఎనభై తొమ్మిదేళ్లు బతికారు. నలుగురూ చెప్పుకునే పని ఒక్కటీ చెయ్యలేదని తనే అనేవారు. ఆ మాట నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల కిందట మేము ఇక్కడ ఇల్లు కట్టుకునేసరికి వీధంతా కొత్త ఇళ్లే, ఆయనది తప్ప. ఒకప్పుడు అక్కడ ఆయనకి రెండెకరాల పూలతోట ఉండేదట. తోట ప్లాట్లయిపోయాక పాత పెంకుటిల్లూ, దాని చుట్టూ కొంచెం మట్టీ మిగిలాయి. మా వంటిల్లు ఉన్నచోట చామంతులు ఉండేవని ఆయన చెప్పాకే మాకు తెలిసింది. మేము దిగిన రోజున కంచె అవతల నిలబడి, టోపీ తీసి, "అయామ్ జో" అన్నారు.

మా నాన్న పోయిన ఏడాదే అమ్మ బాపట్ల నుంచి మా దగ్గరికి వచ్చేసింది. ఇంగ్లీషు రాదు, చదవడం అసలే రాదు. ఆయన ఏమన్నారని నన్ను అడిగింది. పేరు జో అట అన్నాను.

"జో ఏంటే? అంత పెద్దాయన్ని పట్టుకుని ఉయ్యాల్లో పిల్లోణ్ణి పిలిచినట్టు జో, జో అంటానా? అసలు పేరు వేరే ఉంటుంది, అడుగు."

నాకు మొహమాటం వేసింది. అయినా అమ్మ వదిలేలా లేదని ఆ మాటే ఇంగ్లీషులో చెప్పి, మా భాషలో జో అంటే పిల్లల్ని నిద్రపుచ్చే మాట అన్నాను. ఆయన నవ్వారు. ఆపైన అయిదు అక్షరాలు ఒక్కొక్కటే పలికారు: జె, ఓ, ఓ, ఎస్, టి. నేను "జూస్ట్" అన్నాను. పక్కనే ఉన్న మా పాప జ్యూస్‌లా ఉందని కిసుక్కున నవ్వింది. ఆయన తల అడ్డంగా ఊపి, తన పేరు తనే నెమ్మదిగా పలికారు.

"యోస్ట్ గారు," అంది అమ్మ. "అంతేగా? బాగానే ఉందిగా. దీనికింత దాచడం ఎందుకు?"

అక్షరాలు చూడని మనిషి కాబట్టి అమ్మకి ఆ పేరు చెవిన పడినట్టే పడింది. కంచె మీద ఆయన చెయ్యి బిగుసుకోవడం చూశాను. అందులో ఏముందో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

తర్వాత చాలా నెలలకి, కాఫీ తాగుతూ ఆయనే చెప్పారు. ఈ దేశంలో మొదటి రోజు ఇటుకల బట్టీలో పనికి వెళ్తే మేస్త్రీ కాగితంలో పేరు చూసి, రెండుసార్లు ప్రయత్నించి, "వద్దులే మేట్, నువ్వు జో" అన్నాడట. పని దొరికింది, అది చాలనిపించిందట. ఆ తర్వాత రైల్వే వర్క్‌షాపులో జో, పూల మార్కెట్‌లో జో. ఇంట్లో భార్య ఒక్కతే అసలు పేరుతో పిలిచేది. ఆమెదీ నెదర్లాండ్సే. మేము రావడానికి ఆరేళ్ల ముందు ఆమె పోయింది. "ఆవిడతో పాటే ఆ పేరూ పోయిందనుకున్నాను. మీ అమ్మగారు కంచె మీంచి పిలిచినప్పుడు, నిజం చెప్పాలంటే, ఎవరినో అనుకుని వెనక్కి చూశాను" అన్నారు.

అమ్మ రోజూ పిలిచేది. పొద్దున్నే గిన్నెలో కూరగాయల తొక్కలు పట్టుకుని ఎరువు గుంట దగ్గరికి వెళ్తూ, వీధి చివరికి వినపడేలా, "యోస్ట్ గారూ, కాఫీ అయిందా?" అనేది. ఆయన అవతలి నుంచి ఏదో ఒకటి అనేవారు. పదిన్నరకి తన కాఫీకి మమ్మల్ని పిలిచేవారు. నాకు సెలవైన రోజుల్లో నేనూ వెళ్లేదాన్ని. బిస్కెట్ల డబ్బా తెరిచి మనిషికి ఒక్కటి ఇచ్చి, మూత పెట్టి, అల్మరాలో పెట్టేసేవారు. మొదటిసారి అమ్మ తెల్లబోయింది. ఏడాది గడిచాక అమ్మకి మాత్రం రెండోసారి డబ్బా తెరిచేవారు. నాకు ఎప్పుడూ ఒక్కటే.

దేన్నయినా మెచ్చుకోవాలంటే "నాట్ టూ బ్యాడ్" అనేవారు. అమ్మ గోంగూర పప్పు తిని నీళ్లు కారుతున్న కళ్లతో అదే మాట అన్నారు. నేను ఆఫీసు నుంచి హడావుడిగా వచ్చి కలుపు పీకుతుంటే, "తొందరేం లేదమ్మాయ్, చిక్కుళ్లు ఎక్కడికీ నడిచిపోవు" అనేవారు. ఇప్పటికీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ మాట గుర్తొస్తుంది.

ఆయన దగ్గర నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి ఉండేది. తన పేరున్న మనుషుల గురించి పేపర్లలో ఏది కనపడినా కత్తిరించి అందులో అతికించేవారు. "మై మాబ్" అనేవారు, నా వాళ్లు అన్నట్టు. మొదటి పేజీలో రాజ్యం వద్దని అడవిలో గుడిసె వేసుకున్న ఒక సాధువు. ఆ పేరు అక్కడినుంచే వచ్చిందట. తర్వాత పాతకాలం నాటకకర్త, సైకిల్ పందెగాడు, వంతెనలు కట్టే ఇంజినీరు, టీవీలో వార్తలు చదివేవాడు. ఒకడు మోసం చేసి జైలుకి కూడా వెళ్లాడు. వాణ్ణి ఎందుకు అతికించారని అడిగితే, "కుటుంబం అన్నాక అందరూ ఉంటారు కదా" అన్నారు.

వాళ్లలో ఒక రగ్బీ ఆటగాడంటే ఆయనకి కొంచెం కోపం, కొంచెం గర్వం. వర్క్‌షాపు రోజుల్లో విదేశం నుంచి జట్టు వస్తే టీవీ వ్యాఖ్యాతలు ఆ ఆటగాడి పేరు తప్పులేకుండా పలికారట. మర్నాడు తోటి పనివాళ్లు వచ్చి, "అరే, అది నీ పేరేగా!" అన్నారట. వారం రోజులు అందరూ యోస్ట్ అనే పిలిచారు. జట్టు తిరిగి వెళ్లిపోయింది, ఆయన మళ్లీ జో అయ్యారు. "చూశావా, పలకలేక కాదు. బాగా ఆడాలి, అంతే" అని నవ్వారు.

అమ్మకి ఆ పుస్తకంలో బొమ్మలు చూపిస్తుంటే ఒకరోజు అడిగింది: "ఇందులో ఈయనెక్కడ?" నేను ఆయనకి చెప్పాను. "నేను ఏం చేశానని?" అన్నారు.

అమ్మకి కోపం వచ్చింది. "వీళ్లలో ఒక్కడైనా మన కరివేపాకు మొక్కకి చొక్కా తొడిగాడేమో అడుగు."

నిజమే. ఇక్కడ చలికాలం జూన్, జూలైల్లో వస్తుంది, మంచు పడి లేత మొక్కలు మాడిపోతాయి. మొదటి చలికాలంలో అమ్మ తెచ్చుకున్న ఆ ఒక్క మొక్కా పోతుందేమోనని బెంగపడుతుంటే, ఆయన తన పాత ఫ్లానెల్ చొక్కా తెచ్చి, కర్రలు గుచ్చి, మొక్కకి తొడిగి బొత్తాలు పెట్టారు. ప్రతి సాయంత్రం వచ్చి తొడిగేవారు, పొద్దున విప్పేవారు. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాక ఆయన నవ్వలేదు. పుస్తకం మూసి అమ్మ కప్పులో ఇంకొంచెం కాఫీ పోశారు.

రెండేళ్ల కిందట ఆయనకి మతిమరపు ముదిరింది. స్టవ్ వెలిగించి మరిచిపోయేవారు. ఒకసారి కొత్త ఇళ్ల మధ్య తన తోట కోసం వెతుక్కుంటూ దారి తప్పారు. పెర్త్ నుంచి కూతురు వచ్చి నర్సింగ్ హోమ్‌లో చేర్పించింది. మొదట్లో నెలకి రెండుసార్లు వెళ్లాం. తర్వాత అమ్మకి మోకాలి ఆపరేషన్, నాకు కొత్త ఉద్యోగం. అయిదు నెలలు వెళ్లలేదు. అమ్మ అడుగుతూనే ఉంది, నేను వచ్చే వారం అంటూనే ఉన్నాను. దానికి సాకు చెప్పుకోదలుచుకోలేదు.

ఒక గురువారం కూతురు ఫోన్ చేసింది. నాన్న ఇంగ్లీషు మాటలన్నీ మరిచిపోయారని, పిలిస్తే పలకడం లేదని, వినికిడి పరీక్ష చేస్తే చెవులు బాగానే ఉన్నాయన్నారని చెప్పింది. ఎవరినీ గుర్తుపట్టని వాళ్లుండే లోపలి వార్డుకి సోమవారం మారుస్తారట. ఇప్పటి గదిలోలా అక్కడ కిటికీలోంచి తోట కనిపించదు. "సంతకం పెట్టమంటున్నారు. ఏం చెయ్యాలో తెలియడం లేదు. మీరొకసారి చూసి చెబుతారా?"

శనివారం వెళ్లాం. అమ్మ చేతికర్రతో వెనక మెల్లగా వస్తుంటే నేను ముందు గదిలోకి వెళ్లాను. ఆయన గోడ వైపు చూస్తూ పడుకుని ఉన్నారు. సగం మనిషి అయిపోయారు. నేపాలీ నర్సు వంగి, "జో, డార్లింగ్, మీకోసం ఎవరొచ్చారో చూడండి" అంది. కదలలేదు. "అంకుల్, నేనండీ" అన్నాను. కదలలేదు. నర్సు నా భుజం తట్టి, "ఇంతే అక్కా, కొన్ని వారాలుగా" అంది.

అంతలో అమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. నర్సింగ్ హోమ్ అన్న ఆలోచన కూడా లేదు, కంచె దగ్గర నిలబడ్డ గొంతుతోనే పిలిచింది.

"యోస్ట్ గారూ, కాఫీ అయిందా?"

ఆయన తల తిప్పారు. ఎవరు పిలిచారా అని కళ్లతో వెతికి, అమ్మ దగ్గర ఆగారు. వాళ్ల భాషలో ఏదో అన్నారు. తర్వాత దుప్పటి కొంచెం జరిపి, కూర్చోమన్నట్టు మంచం అంచు మీద చేత్తో తట్టారు.

నర్సు నా వైపు తిరిగింది. ఆవిడ ఏమని పిలిచారని నన్ను అడిగింది. చెప్పాను. "టోస్ట్‌లాగా యోస్ట్, అంతేనా?" అని ఒక కార్డు మీద పలికేట్టు రాసి మంచం తలాపున అంటించింది. వాళ్లని తప్పు పట్టడానికి లేదు. చేర్చుకునే కాగితంలో పిలిచే పేరు అన్నచోట జో అనే ఉంది.

కారిడార్‌లోకి వచ్చి కూతురికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. "ఆ కాగితం నేనే నింపాను. ఆ పేరు నాకు తెలుసు. కానీ అది అమ్మ పిలుచుకునే పిలుపు అనుకున్నాను. అది ఆయన పేరని ఎప్పుడూ అనుకోలేదు" అంది.

సంతకం పెట్టలేదు. ఆయన మంచం కిటికీ పక్కనే ఉండిపోయింది. ఆ నెలలోనే ఆమె వచ్చింది. డాడ్ అని పిలిస్తే ఆయన చూడలేదు. మా వైపు తిరిగి, "ఆయన్ని పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు నేను" అంది. నేను అమ్మకి చెప్పాను. కన్నతండ్రిని పేరు పెట్టి పిలవడమంటే అమ్మకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా అమ్మ ఆమె వీపు మీద చెయ్యేసి, "పిలువమ్మా, ఏం కాదు" అంది తెలుగులోనే. ఆమె పిలిచింది. రెండోసారికి ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఎవరనుకుని పట్టుకున్నారో తెలియదు. ఆమె అది అడగలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఉన్నారు. శుక్రవారం అంత్యక్రియలకి పాతిక మంది వచ్చారు. కార్యక్రమం నడిపినావిడ మొదలుపెట్టే ముందు అమ్మ దగ్గరికి వచ్చి, ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుని వెళ్లింది.

నాకు మిగిలింది మాత్రం మొన్న చలికాలంలో ఒక ఆదివారం. మందుల గురించి నర్సుతో మాట్లాడి గదిలోకి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మ కుర్చీలో కూర్చుని కమలాపండు ఒలిచి, పీచు తీసి, తొనలు ఒక్కొక్కటే ఆయన అరచేతిలో పెడుతోంది. ఎదురింటివాళ్ల పిల్ల నడక మొదలుపెట్టిందని, మూలమీది ఇంటికి కొత్తగా ఎవరో దిగారని తెలుగులో చెబుతోంది. ఆయన అంతా విని, వాళ్ల భాషలో చాలాసేపు, ఎంతో ముఖ్యమైన సంగతిలా ఏదో చెప్పారు. "అవునా" అంది అమ్మ. ఆయన తల ఊపి, అరచేతిలో ఉన్న తొనల్లోంచి పెద్దది ఏరి, అమ్మ వైపు చెయ్యి చాపారు.