తువ్వాలులో బురద కట్టుకెళ్ళిన మా మరిది

పోయిన ఆదివారం పొద్దున్న, వాన పడుతుండగా, మా మరిది పోయాడు. వాట్‌గంజ్ లారీ స్టాండులో తాను ముప్పై ఏళ్ళు కూర్చున్న చోటే, తన పీట లాంటి పాత టైరు మీద కూర్చుని, టీ గ్లాసు కింద పెట్టి గోడకు చేరబడ్డాడు. టీ కొట్టు అతను గ్లాసు తీసుకోవడానికి వచ్చేసరికి మనిషి లేడు. గ్లాసు మాత్రం ఖాళీగా ఉంది. దేన్నీ సగంలో వదలని మనిషి, టీ కూడా వదల్లేదు.

మంగళవారం మన తెలుగు సంఘం వాళ్ళు సంతాప సభ పెట్టారు. కార్యదర్శి గారు లేచి, పోయినాయన పంచర్లు వేసుకునే సౌమ్యుడని, ఎవరి జోలికీ పోని వాడని చెప్పారు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆ పక్కనే కూర్చున్న నన్ను చూపించి, టైర్ల సంగతి తెలిసిన ఈ వదినగారి నీడలో ఆయన పని నేర్చుకున్నారని కూడా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. కార్యదర్శి గారిని తప్పు పట్టను. ఆయనకు ఆ అబద్ధం ఇచ్చింది నేనే. పన్నెండేళ్ళుగా ఈ ప్రాంతం అంతటికీ ఇచ్చింది నేనే.

నాకు అక్షరం రాదు. తెలుగు బడి టీచరమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. మాట మెత్తబరచవద్దని ముందే చెప్పాను. సంఘం పుస్తకంలో మా మరిది ఫోటో కింద ఏం వేస్తారో వేసే ముందు ఇది చదవండి.

మాది శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు. మా ఆయన ఈ బెంగాలీ ఊరికి వచ్చి ఓడల డాకులో మూటలు మోసేవారు. మా మరిది అన్నగారి వెనకే వచ్చి, మూటలు మోయలేక, లారీ స్టాండులో టైర్లు విప్పే పనిలో కుదిరాడు. మా ఆయన పోయాక చేతికి వచ్చిన దానితో నేను ఒక పాత పికప్ కొన్నాను. నలుగురూ నవ్వారు. ఆడది బండి కొనడమేమిటి, అమ్ముకుని పిల్లల్ని పెంచుకోక, అన్నారు. మా మరిది మాత్రం వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి వెనక్కి తిప్పి నాలుగు టైర్లనూ వేళ్ళ వెనకతో తాకి, "నడుస్తాది వొదినా" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని నేను బతికాను.

మాకు దొరికిన పని చేప పిల్లలను మోయడం. ఊరికి తూర్పున భేరీలు ఉన్నాయి కదా, ఊరి మురుగునీళ్ళలో చేపలు పెంచే పెద్ద పెద్ద మడుగులు. షాలిమార్ స్టేషన్ వైపు రైల్లో దిగిన చేప పిల్లలను వెండిరంగు బిందెల్లాంటి హండీల్లో నీళ్ళతో సహా ఎత్తుకుని, నది మీద కొత్త వంతెన దాటి, ఊరంతా దాటి, భేరీ గట్టు మీదికి చేర్చాలి. దారి పొడుగునా హండీల పక్కన కూర్చుని అరచేత్తో నీళ్ళు కొడుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే నీళ్ళలో గాలి ఆగుతుంది, పిల్లలు చచ్చిపోతాయి. బండి ఆగినా అంతే. మా పెద్దోడు నడిపేవాడు, నేను వెనక కూర్చుని నీళ్ళు కొట్టేదాన్ని.

గట్టు మీద చక్రాల దారికి నడుమ మట్టి దిబ్బలా లేచి ఉంటుంది. బండి కడుపు దానికి రాసుకునేది. మా మరిది బండి బరువు మోసే కమాన్లలో ఇనుప పట్టీలు పెంచి, కింద దిమ్మలు పెట్టించి, బండిని బెత్తెడు పైకి లేపాడు. లేపిన బండికి పెద్ద టైర్లు పడతాయి. వాన రాకముందే బురద టైర్లు వేయాలి, నేను వచ్చి ఏరుతాను, రెండు రోజులు ఆగు వొదినా అన్నాడు.

నేను ఆగలేదు. ఆగడం నాకు చేతకాదు. టైర్ల బజారుకు పోయి, ఏనుగు పాదాల్లా ఉన్న వెడల్పు టైర్లు నాలుగు తెచ్చి వేయించాను. ఎందుకంటే నాకు తెలుసనుకున్నాను. మా ఊళ్ళో ఇసకలో పడవలు లాగే బళ్ళకు వెడల్పు చక్రాలే వేసేవారు. సన్న చక్రమైతే ఇసకలో కూరుకుపోయేది. చిన్నప్పటి నుంచి చూసిందే కదా, ఇందులో మా మరిది చెప్పేదేముంది అనుకున్నాను. బండి సందులోకి వస్తే జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి చూశారు. నేను మురిసిపోయాను.

తొలి వానకు గట్టు మీద బండి కూర్చుంది. ఆ వెడల్పు టైర్లు బురద మీద జారుతూ ఒకే చోట తిరిగాయి, గుబ్బల నడుమ గాళ్ళన్నీ పూడిపోయి నున్నటి గుండ్రాల్లా అయ్యాయి. మా పెద్దోడు ముందుకూ వెనక్కూ ఊపాడు. నేను చేతులు పడిపోయే దాకా నీళ్ళు కొట్టాను. ఎండ ఎక్కేసరికి హండీల్లో తెల్లటి పొట్టలు తేలాయి. భేరీ మేనేజరు బాబు గొడుగు పట్టుకుని వచ్చి చూశాడు, అరవలేదు. నన్ను పిన్నీ అన్నట్టు మాసీ అంటాడు. "మాసీ, వచ్చే వారం ఇంకొక్క లోడు ఇస్తాను. అది కూడా ఇట్లా అయితే వేరే బండి చూసుకుంటాను" అన్నాడు. ఆ పని పోతే మాకు బండి లేనట్టే. బండి లేకపోతే మేము ఈ ఊళ్ళో లేనట్టే.

కబురు విని మా మరిది బస్సులో వచ్చాడు. కూరుకుపోయిన బండి వైపు చూడనైనా చూడలేదు. లుంగీ ఎగ్గట్టి, చెప్పులు నా చేతికిచ్చి, గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉత్త కాళ్ళతో నడిచి వెళ్ళి, నడిచి వచ్చాడు. మడమతో తొక్కడం, ఆగడం, కాలి వేళ్ళ నడుమ బురద చూసుకోవడం. వచ్చాక చెప్పాడు. "ఇసక మీద తేలాల వొదినా, బురదలో దిగాల. మోకాలి లోతు లోపే గట్టి నేల ఉంది. దాన్ని తాకినోడే నడుస్తాడు. నువ్వు తేలే టైరు ఏసినావు."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తువ్వాలు తీసి, గట్టు బురద ఒక ముద్ద అందులో మూట కట్టి చంకలో పెట్టుకున్నాడు. మర్నాడు ఆ మూటతోనే నన్ను టైర్ల బజారుకు తీసుకెళ్ళాడు.

అక్కడ జరిగింది నేను చచ్చేదాకా మర్చిపోను. ఒక్కో టైరు నిలబెట్టి, బురద ముద్ద తీసి గాళ్ళలో బొటనవేలితో కుక్కి, టైరు తిప్పి, పక్క మీద గుప్పిటతో ఒక్క పోటు పొడిచేవాడు. బురద రాలితే సరే, పట్టుకుని ఉంటే టైరు పక్కకు. నాలుగు టైర్లు అయ్యేసరికి దుకాణం నేలంతా బురద. దుకాణం బాబు ముక్కు మూసుకుని, దాదా, ఇది టైర్ల దుకాణమా కుమ్మరి పాకా అని అడిగాడు. మా మరిది తనకొచ్చిన బెంగాలీలో, బాబూ, నీ టైరు రోజూ తినాల్సిన తిండి ఇదే, రుచి చూడనీ అన్నాడు. బాబుకు నవ్వొచ్చింది. ఆ తరవాత తనే టైర్లు దొర్లించుకొచ్చి ఇచ్చాడు.

బురద రాల్చినవి రెండు రకాలు మిగిలాయి. ఒకదానికి గుబ్బలన్నీ ఎడం ఎడంగా, నోరు తెరిచినట్టు ఉన్నాయి. నాకు అదే నచ్చింది. మా మరిది తల ఊపాడు, కాదని. బండి భేరీ గట్టు మీదే పుట్టలేదు కదా, ఖిదిర్‌పూర్‌లో తడిసిన ట్రాము పట్టాలు దాటి రావాలి కదా అన్నాడు. ఇనుము మీద ఎడం గుబ్బలకు పట్టు ఉండదట, నున్నటి అరటి తొక్క మీద నడిచినట్టేనట. రెండో రకం సన్నగా, ఎత్తుగా ఉంది. నడుమ గుబ్బలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, అంచున మాత్రం విడివిడిగా ఉన్నాయి. దాని మీద చెయ్యి పెట్టాడు. "నడుమ దగ్గర, అంచున ఎడం. నడుమది ఊరికి, అంచుది గట్టుకి." గోరు గుచ్చి రబ్బరు మెత్తదనం చూశాడు, పాతబడి గట్టిపడిన ఒకదాన్ని వెనక్కి పంపాడు. ముందు రెంటికీ మామూలువి వేస్తే సరిపోదా అని మా పెద్దోడు అడిగితే, వెనక చక్రం తోస్తే ముందు చక్రం ఎటు పోవాలో నువ్వు చెబుతావా బురద చెబుతుందా అని అడిగాడు. నాలుగూ ఒకే రకం తెచ్చాము.

బిగించాక కూడా వదల్లేదు. టైరు భుజాలకు సుద్ద పూసి, స్టీరింగు ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పించి, మడ్‌గార్డు లోపల సుద్ద ఎక్కడ అంటిందో పడుకుని చూశాడు. ఎడమ పక్క వేలెడంత అంటింది. ఆ రేకు కొట్టి వంచాడు. ఆ సుద్దముక్క ఆయన చెవి మీదే ఉండేది ఎప్పుడూ. అందరికీ బీడీ ఉండే చోట ఆయనకు సుద్ద.

వారం తిరిగింది. వాన ఆగలేదు. రెండో లోడు ఎక్కించాము. మా మరిది కూడా వెనక ఎక్కి నాతో పాటు నీళ్ళు కొట్టాడు. గట్టు మొదట్లో బండి కాస్త కుంగింది. కుంగి, అడుగున దేన్నో పట్టుకుంది. పట్టుకుని నడిచింది. చక్రాల అంచుల నుంచి బురద ముద్దలు ముద్దలుగా ఎగిరి పడుతోంది, గాళ్ళు కడిగినట్టు బయటికొస్తున్నాయి. మా మరిది చెయ్యి నీళ్ళలో ఆడుతూనే ఉంది, ముఖం మాత్రం పక్కకు తిప్పి ఆ బురద రాలడం చూస్తున్నాడు. ఒక్క చేప పిల్ల తేలలేదు.

మేనేజరు బాబు చక్రాల దగ్గర వంగి చూశాడు. "ఎవరు ఏరారు మాసీ ఈ టైర్లు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో వచ్చింది. ఒక పక్క జాకీ పట్టుకుని మా మరిది నిలబడి ఉన్నాడు. బాబు ఆయన వైపు చూశాడు. మా మరిది ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. అవును బాబూ, వదినే అన్నాడు, జాకీ తీసుకుని బండి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నేను టైర్ల మాసీనయ్యాను. ఏక్‌బాల్‌పూర్ నుంచి కూడా డ్రైవర్లు వచ్చి, మాసీ మా బండికి ఏది వేయాలి అని అడిగేవారు. రేపు రండి అనేదాన్ని. ఆ సాయంత్రం మా మరిదిని అడిగి, మర్నాడు నా మాటగా చెప్పేదాన్ని.

ఒక బంద్ రోజు, ఎర్ర జెండాల ఊరేగింపు పోయాక, రోడ్డు మీద బండి లేదు. అందరూ పేకాడుతుంటే మా మరిది ఆగి ఉన్న లారీల టైర్లు కడుగుతూ, అరుగుదల చూసుకుంటూ తిరుగుతున్నాడు. ఏ డ్రైవరు బ్రేకు మీద కోపం చూపిస్తాడో, ఎవరు ఎడమ పక్కకు బరువు వేస్తారో అరచేయి చూసినట్టు చెప్పేవాడు. ఆ రోజు అడిగాను, ఆ పొద్దు నా అబద్ధం ఎందుకు మోశావని.

"మాట నీ పేరున ఉంటే బండికి పని ఉంటాది వొదినా. నా పేరున ఉంటే నాకేటొస్తాది? ఇంకో పది పంచర్లు" అని నవ్వాడు. కడుగుతున్న చెయ్యి ఆపకుండానే, "అయినా బండి కొన్నది నువ్వు కదేటి. అందరూ నవ్వినప్పుడు కొన్నావు. దాని ముందు ఈ ఏరడం ఎంత" అన్నాడు.

అప్పుడే నిజం చెప్పాల్సింది. రేపు చెబుదాం అనుకున్నాను. చెప్పకుండానే పన్నెండు వానాకాలాలు పోయాయి. ఆగడం చేతకాని దాన్ని, ఒక్క దీనికి మాత్రం ఆగాను.

కనుక సంఘం వారికి చెబుతున్నాను. మా మరిది పంచర్లు వేశాడు, చక్కగా వేశాడు, అందులో సిగ్గు లేదు. కానీ ఆయన టైర్లు చదివిన మనిషి. మా ఇద్దరిలో ఎవరికీ అక్షరాలు రావు, ఆయనకు మాత్రం నేల వచ్చు. ఆయన నా దగ్గర నేర్చుకోలేదు. నేను ఆయన దగ్గర తీసుకున్నాను. ఫోటో కింద టైర్ల మేస్త్రీ అని వేయండి. నన్ను టైర్ల మాసీ అని పిలిచేవాళ్ళు ఈ రోజుతో మానుకోండి. పిలిస్తే పలకను.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆదివారం మధ్యాహ్నం శవాల బండి శ్మశాన ఘాటు సందు మొదట్లో ఆగిపోయింది. పైపుల కోసం సందంతా తవ్వి పడేశారు, పైన వాన. డ్రైవరు ఇంక ముందుకు రానన్నాడు. మనవాళ్ళు భుజాల మీద ఎత్తబోతే కాళ్ళు జారుతున్నాయి. నేను మా పెద్దోణ్ణి పికప్ తెమ్మన్నాను. ఆడవాళ్ళు ఘాటుకు రాకూడదని ఎవరో అన్నారు. బండి నాది అన్నాను, ఎక్కాను. వెనక హండీలు ఉండే చోట మా మరిదిని పడుకోబెట్టాము. అవే రకం టైర్లు, అరిగినప్పుడల్లా ఆయనే మార్చినవి. బండి కాస్త కుంగింది, అడుగున పట్టు దొరికింది, గుడి మెట్లు ఎక్కినంత నెమ్మదిగా నడిచింది. ఆయన తల కదలలేదు.

అంతా అయ్యాక ఘాటు గేటు దగ్గర నిలబడ్డాను. బురదలో మా చక్రాల అచ్చు సందు పొడుగునా పడి ఉంది. నడుమ దగ్గర, అంచున ఎడం. అప్పుడే ఇంకెవరో తమ మనిషిని ఎత్తుకుని వచ్చారు, ఊరూ పేరూ తెలియని బెంగాలీలు. ముందున్నతను ఒకసారి జారి నిలదొక్కుకుని, కాలు తీసి మా చక్రపు గాడిలో పెట్టాడు. గట్టిగా ఉందని వెనకవాళ్ళకు చెప్పాడు. నలుగురూ రెండు గాళ్ళలోకీ దిగి, ఒకరి వెనక ఒకరు, జారకుండా నడిచి వచ్చారు.