దూడను లాగిన భుజమే రగ్బీ ఆడింది

మా రెడ్డెప్ప చిన్నప్పుడు... తెల్లవారి పాలు పితికేవేళ కొట్టంలో రోజూ ఒక కుస్తీ జరిగేది.

మాది చౌడేపల్లె పక్క పల్లె. నాకు రాత రాదు, నేను చెబుతుంటే మనవరాలు ఫోన్‌లో కొడుతోంది. రెడ్డెప్ప నా పెద్ద మనవడు. రగ్బీ ఆడి బతికినవాడు. వాడిదంతా అదృష్టం అనేవాళ్ళకే ఈ మాటలు... బాగా వినండి.

ఆవు పాలు చేపాలంటే ముందు దూడను వదలాలి. నాలుగు గుక్కలు తాగాక లాగి కట్టేయాలి. ఆ పని వాడిది. పొదుగు రుచి మరిగిన దూడ ఊరికే వస్తుందా? కాళ్ళు నేలకు తన్నిపెట్టి నిలబడుతుంది. చెంప దాని డొక్కకు పెట్టి, భుజం ఆనించి తోసి, చేతులు చుట్టేసి ఈడ్చుకురావాలి. నేనే నేర్పాను.

మదనపల్లె కాలేజీలో డ్రిల్లు మాస్టరు వాడి చేతికి కోడిగుడ్డులాంటి బంతి ఇచ్చాడు... ముందుకు పరిగెత్తాలి, బంతిని మాత్రం చేత్తో వెనక్కే విసరాలట! బంతి పట్టుకున్నవాణ్ణి చుట్టేసి పడేయాలట. ఇదేం ఆటరా అని నవ్వాను.

ఒకరోజు ఆ ఆటలోనే భుజం ఎముక విరగ్గొట్టుకుని వచ్చాడు. పుత్తూరు కట్టు కట్టించాం. కట్టు విప్పిన కొన్నాళ్ళకే బెంగళూరు రగ్బీ క్లబ్బు నుంచి పిలుపు... వాడి నాయన, మా కొడుకు మునిరత్నం మొండికేశాడు.

"ఆట లేదు గీట లేదు. టమాటా మండీలో పని సూసిపెట్టినా. ఆడికి పోనీ."

"యాలప్పా? ఎముక అతుక్కునింది గదా?" అన్నాను.

"మళ్ళా ఇరిగితే నువ్వు మోసుకోని పోతావామ్మా?"

"సరే... వాడు మన దూడని ఆ భుజంతోనే లాగితే బెంగళూరికి పోతాడు. లాగలేకపోతే నీ మండీకి."

దూడను వదిలాం. రెడ్డెప్ప భయపడి దూరం నుంచి ఉత్త చేతులతో పట్టాడు. అది వాణ్ణి పేడలో ఈడ్చింది.

"మండీకే రాప్పా," అని వాళ్ళ నాయన నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. "రేయ్! కొత్త పెండ్లికూతుర్ని పట్టుకున్నట్టు పట్టుకుంటాండావే! భుజం ఆనించరా!"

"నొస్తాదేమో అవ్వా..."

"నొస్తే నొయ్యనీ. ఇరిగితే నేనుండా."

వాడు పళ్ళు బిగబట్టి, విరిగిన వైపు భుజమే ఆనించి తోశాడు. దూడ కాళ్ళు జారాయి... గుంజదాకా వచ్చేసింది. మునిరత్నం వచ్చి దూడను గుంజకు కట్టేశాడు. తర్వాత, "పుంగనూరు నుంచి బెంగళూరు బస్సు ఉండాది... నీళ్ళు పోసుకో పో," అన్నాడు.

ఆ క్లబ్బులో వాడి ఆట చూసి కొలంబో క్లబ్బువాళ్ళు జీతమిచ్చి పిలుచుకున్నారు. మన దేశం చొక్కా వేసుకుని కూడా ఆడాడు. నేను చూసింది ఒక్క మ్యాచే. మనిషా, మిద్దెనా అన్నట్టున్న ఒకణ్ణి వాడు నడుము కింద పట్టి కూలేస్తే, లేచి నిలబడి ఈల వేశాను. పక్కవాళ్ళు చూస్తే చూడనీ!

ఇప్పుడు కుప్పంలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. బిడ్డ మోకాలు గీసుకుంటే చాలు, తల్లిదండ్రులు కారేసుకొచ్చి తీసుకుపోతున్నారు... మందు రాయండి, నేను వద్దనను. కానీ ఆ తర్వాత "పో, మళ్ళీ ఆడు" అనే నోరు ఇప్పుడు ఏ ఇంట్లో ఉంది? మిమ్మల్ని అలా పంపినవాళ్ళుంటే చెప్పండి... వాళ్ళ గురించి వినాలని ఉంది.