ముందుగా చెప్పకూడని సెలవు

ఎవరితోనూ చుట్టరికం లేని మనిషే అందరికీ న్యాయంగా పంచగలడని లోకం నమ్ముతుంది. అలాస్కా వాయవ్య తీరాన, రోడ్డు చేరని ఆ సముద్రపు ఊళ్లో, వృద్ధుల సంరక్షణ కేంద్రం నడిపేవారి నమ్మకమూ అదే. ఊరంతా ఒకరికొకరు వదినలు, మేనత్తలు. డ్యూటీలు వేసిన ప్రతి స్థానిక నర్సూ చివరికి సొంతవాళ్ల చేతనే మాటలు పడింది. అందుకని మూడేసి నెలల ఒప్పందం మీద బయటినుంచి ఇన్‌ఛార్జి నర్సును తెప్పించుకుంటారు. ఆ వేసవికి నెబ్రాస్కా నుంచి వెర్నా ట్రాస్క్ వచ్చింది.

వెర్నాకు యాభై దాటాయి. ఏ ఊళ్లో పనిచేసినా ఎవరింటా భోజనానికి కూర్చోదు. అది గర్వం కాదు. తిన్న ఇంటివైపు మనసు మొగ్గుతుందన్న జాగ్రత్త. ఆమె నియమం ఒక్కటే: సెలవు కావలసినవారు మూడు రోజుల ముందు చెప్పాలి, ముందు చెప్పినవారికి ముందు. జూన్‌లో సముద్రం మీద మంచు విడుతున్నప్పుడు వారమంతా ఆయాలను అడుగుతూనే ఉంది. ఎవరూ పలకలేదు. ఆమెలాగే బయటినుంచి వచ్చిన డారిన్ ఒక్కడు మాత్రం, యాంకరేజ్‌లో పాటకచేరీ ఉందని అడిగాడు. ఇచ్చింది. మిగిలినవారికి అవసరం లేదనుకుంది.

డారిన్ విమానమెక్కిన మర్నాటి ఉదయం, మందుల బండి తోసుకుంటూ ఎథెల్ ముసలమ్మ గదిలోకి వెళ్లిన వెర్నా వెనకే మిర్నా అనే ఆయా వచ్చి నిలబడింది.

"వెర్నా, నేనింటికెళ్లాలి."

"ఒంట్లో బాలేదా?"

"నాకేం, బానే ఉన్నా. మా ఆయన రెండు ఉగ్రుక్‌లు తెచ్చాడు. ఒడ్డున పడున్నాయి."

ఉగ్రుక్ అంటే గడ్డం సీలు అనే సముద్ర జంతువు. ఒక్కొక్కటి ఎద్దంత ఉంటుంది.

"ఎండ చూడు ఎలా ఉందో! ఇవ్వాళ కొయ్యకపోతే పాడైపోతాయి. మా అత్తకి చేతులు వణుకుతాయి. కోసేదాన్ని నేనొక్కదాన్నే. చలికాలమంతా మా తిండి అదే."

"వారం నుంచీ గొంతు పోయేలా అడిగాను గదా సెలవు కావాలా అని! ఒక్కరైనా నోరు విప్పారా?"

మంచం మీంచి ఎథెల్ కిచకిచ నవ్వింది.

"ఏమని విప్పుద్ది పిల్లా? 'ఫలానా రోజు మా ఆయన సీళ్లు కొట్టుకొస్తాడు, సెలవియ్యి' అనా? అవి వినవూ? విని ఇంకోళ్ల పడవకి పోవూ? వాటికి నీ అంత చెవుడు లేదులే."

"ఆ సంగతి నాకెవరైనా చెప్పి చావొచ్చుగా!"

"ఎప్పుడు చెప్పను?" అంది మిర్నా. "మా ఇంటికొచ్చి ఒక్కసారైనా టీ తాగావా నువ్వు?"

"మీ గొడవ తర్వాత. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పడవలు చూడాలి," అంది ఎథెల్.

ఆమెను మంచం దించాలంటే ఇద్దరు కావాలి. మిర్నా వెళ్తే మిగిలే ఆయా క్లారా ఒక్కతే. క్లారా అవతల గదిలో ఒకాయనకు అన్నం తినిపిస్తోంది. వెర్నా బండి మీద చేయి ఆనించి ఆలోచించింది. ఎవరి పక్షమూ వహించని తన నియమం నోరు తెరవగలిగిన వాడొక్కడికే సెలవిచ్చింది. దాన్ని ఇప్పుడు పక్కన పెడితే మనుషుల కొరత పడేది తన మీద కాదు, మంచాల మీదున్నవారి మీద. వాళ్లూ ఏ తప్పూ చేయలేదు. ఆ రెండు అన్యాయాల్లో ఏది చిన్నదో తూచే రాయి ఆమె దగ్గర లేదు.

వెర్నా మిర్నాను పంపేసింది. స్నానాలు మర్నాటికి వాయిదా వేసింది. మందులు పంచడం అయ్యాక క్లారాతో కలిసి ఎథెల్‌ను కుర్చీలోకి దించేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి పడవలన్నీ ఒడ్డెక్కాయి. ముసలమ్మ ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. వెర్నా మేనేజరుకు ఫోన్ చేసి, తాను చేసింది చేసినట్టు చెప్పింది. మంచు పూర్తిగా పోయేదాకా ముందుగా చెప్పాలన్న నియమం తీసేసింది; ఎవరు వెళ్తే వారి పని తన సెలవు రోజుల్లో తనే చేసింది. మిర్నా తెచ్చిన మాంసాన్ని ముసలివాళ్ల భోజనానికని వంటింటికి పంపింది, తాను ముట్టలేదు. ఒప్పందం పొడిగించమంటే ఒప్పుకోలేదు. జూలైలో మోంటానాలోని మరో కేంద్రానికి వెళ్లిపోయింది.