బంగారం తాతకు ఏమిష్టం?

ఆ రోజుల్లో చదువులో బంగారు పతకం వచ్చిందంటే ఇంట్లో దిష్టి తీసి, వీధిలో మిఠాయి పంచేవారు. మా ఇంట్లో మాత్రం చేపల సంగతి తేలేదాకా ఆ పతకం గడప దాటడానికి వీల్లేకపోయింది. (ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, అప్పుడు ముచ్చెమటలు పోశాయి.)

మాది కలకత్తాలోని వాట్‌గంజ్. నాన్న ఓడరేవులో పనిచేసేవాడు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వెంట తెచ్చుకున్న ఆచారాన్ని అమ్మ అక్కడా విడవలేదు. పోయిన పెద్దలకు పెట్టేటప్పుడు, బతికుండగా వాళ్ళు దేనికి లొట్టలు వేసేవారో అదే వండాలి. మా తాత పటం ముందు విస్తట్లో కోడికూర పక్కన చుట్ట కూడా ఉండేది. నాకు రాబోయే పతకం వందేళ్ళ కిందట ఒక జమీందారు విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన సొమ్ముతో ఇచ్చేదని గొప్పగా చెప్పడమే నేను చేసిన పొరపాటు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

“అయితే ఆయనా మనకి పెద్దే కదరా! ఆయనకి పెట్టకుండా ఆయన బంగారం ఇంట్లోకి ఎలాగ తెత్తావు? ఏటిష్టమో కనుక్కురా.”

“పోయి వందేళ్ళయింది, ఎవర్నడగనమ్మా?”

“ఏటా ఆయన పేరు సెప్పి పతకాలిత్తన్నారు, ఆల్లకి తెలీదేటి? నువ్వు కనుక్కోపోతే నాను ఆ సభకి రాను.”

అన్నంత పనీ చేసే మనిషి. అమ్మ చూడకుండా పతకం మెడలో వేయించుకోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. మర్నాడు విశ్వవిద్యాలయం కార్యాలయానికి వెళ్ళాను. పతకాల వ్యవహారం చూసేది బొడోబాబు, అంటే పెద్ద గుమాస్తా. గుబురు మీసం, బల్లకు ఆనే పొట్ట. “దాదా, ఆ దాతగారు ఏం తినేవారండీ?” అని అడిగేసి, నేల చీలితే బాగుండుననుకున్నాను.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని గోడమీద ఉన్న దాతగారి చిత్రపటాన్ని చాలాసేపు చూశాడు. “ఏటా దండ వేస్తున్నాం. అన్నం సంగతి ఎవరికీ తట్టలేదు సుమా!” అన్నాడు. వెంటనే, “ఇలిశ చేప. ఆ మొహం చూస్తే తెలియడం లేదూ?” అని తీర్పు చెప్పాడు. పక్క బల్లాయన అమాంతం లేచాడు. “ఆరే బాబా, ఆయన పడమటి మనిషి. రొయ్యలే!” (తూర్పు బెంగాల్ మూలాలవాళ్ళకు ఇలిశ, పడమటివాళ్ళకు రొయ్యలు. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ అభిమానులు కూడా అలాగే చీలిపోతారు.) ఇక ఆ పూట కార్యాలయంలో మరో పని జరగలేదు. కిటికీ బయట సర్టిఫికెట్ల కోసం నిలబడ్డవాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు.

అమ్మ మాత్రం చిటికెలో తేల్చేసింది. “రెండూ వండేత్తాను. నచ్చంది ఆయనే వొదిలేత్తాడు. ఆయన పేరు సెప్పి తినడానికి ఆ బాబునే పిలు.”

బొడోబాబు ఇస్త్రీ ధోవతి కట్టుకుని మరీ వచ్చాడు. ఇలిశ కోసం గొంతు చించుకున్న మనిషి రొయ్యలు మారు వడ్డించుకుని, వేళ్ళు నాకి, తేన్చాడు. తలుపు వారన నిలబడి ఆ మీసాన్నీ పొట్టనూ చూస్తున్న అమ్మ నా చెవిలో గుసగుసలాడింది. “ఒరే, బంగారం తాతే వొచ్చినాడ్రా!”

సభకు అమ్మ వచ్చింది. వేదిక మీద నా మెడలో పతకం పడుతుంటే ఆవిడ నన్ను చూడనే లేదు. చూపంతా వేదిక వెనక పెట్టిన దాతగారి పటం మీదే. అప్పుడు నాకు కాస్త ఉక్రోషంగానే ఉండింది.

అమ్మ పోయాక ఆమె పేరున అక్కడే ఒక చిన్న బహుమతి పెట్టాను. అందుకున్న పిల్లలు ఫోనులో చేతులు జోడించిన బొమ్మ పంపిస్తారు, ఒకళ్ళిద్దరు మాట్లాడతారు కూడా. మంచి పిల్లలు. ఆమె ఎవరని అడుగుతారు, ఏం చదువుకుందని అడుగుతారు. ఏం తినేదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వంకాయలో వేసిన ఎండు నెత్తళ్ళు, అదీ అడుగంటిన కూరైతే మరీ ఇష్టం. అడిగితే చెబుదామని ఫోను మోగినప్పుడల్లా గొంతు సవరించుకుంటూ ఉంటాను.