కుర్చీ వెనక చోటు

కత్తెర బాబాయి సెలూన్‌కు గిరాకీ తగ్గింది గానీ జనం తగ్గలేదు. ఆయన ఒళ్లు మండేది అక్కడే.

ఎక్కడెక్కడి కుర్రాళ్లో వస్తారు. గడ్డం గీయించుకోరు, జుట్టు కత్తిరించుకోరు. తిన్నగా లోపలికి వెళ్లి ఇనప కుర్చీ వెనక గొంతుక్కూర్చుంటారు. వేళ్లు తుపాకీలా పెట్టి ఫొటోలు దిగుతారు. అద్దంలో పగులు తడిమి చూసి, "అచ్చం అలాగే ఉందిరా!" అని మురిసిపోతారు. ఏదో సైనికుల వీడియో గేమ్. అందులో రెండు సేనలు ఒక వీధి కోసం కొట్టుకు చస్తుంటాయి. ఆ వీధిలో ఉన్న సెలూన్ ఈయనదే.

తప్పు ఆయనదీ ఉంది. ఆ కంపెనీ వాళ్లు కెమెరాలతో దిగినప్పుడు సినిమా వాళ్లనుకున్నాడు. కొత్త తువ్వాళ్లు పరిచాడు. వాళ్లు వద్దంటే మళ్లీ పాతవే వేశాడు. "ఆ పగులు వదిలేయకండి, మా ఆవిడ తాళాల గుత్తి విసిరిన రోజు పడింది" అని వెంటపడి మరీ ఫొటో తీయించాడు. ఇదివరకటి ఆటల్లో ఇళ్లు అట్టపెట్టెల్లా ఉండేవిట. ఇప్పుడు ఆడేవాళ్లకు అంతా నిజంలా ఉండాలిట. నిజమే కావాలంటే నిజం యుద్ధానికే పోవచ్చుగా! ఎవడూ పోడు. బాబాయి కొట్టుకే వస్తాడు.

మొన్న మాస్టారు వచ్చారు. మీసం మొలిచినప్పటి నుంచీ ఈ కుర్చీలోనే కూర్చుంటున్న పెద్దమనిషి. సగం గడ్డం అయ్యింది. ఇంతలో గుమ్మంలోంచి ఒకడు, "ఒరేయ్, నిన్న నిన్ను లేపేసింది ఈ కుర్చీ దగ్గరే!" అని పక్కవాడికి చెబుతూ కేక పెట్టాడు. మాస్టారు ఉలిక్కిపడ్డారు. కత్తి జారి చెంప తెగింది. నురగ తుడుచుకుని సగం గడ్డంతోనే వెళ్లిపోయారు. బాబాయి చేతిలో ఇన్నేళ్లుగా ఎవరికీ నెత్తురు చుక్క కారలేదు. ఈ చేతి కింద ఇక ఎవరు తల వంచుతారన్నదే ఆయన బెంగ.

ఆ ఉక్రోషంలోనే కంపెనీకి ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"మా కొట్టు ఆటలోంచి తీసేయండమ్మా. నా పొట్ట కొడుతున్నారు."

"అయ్యో అంకుల్, అందరికీ నచ్చింది మీ షాపే! ఈసారి ఇంకా నిజంలా ఉంటుంది. నేల మీద జుట్టు కూడా పెడుతున్నాం."

జుట్టు రాలాలంటే ముందు ఎవరైనా తల ఇవ్వాలిగా అని ఆయన అనేలోగా ఫోన్ పెట్టేసింది.

ఆదివారం అల్లుడు ఆ ఆటను టీవీకి తగిలించాడు. "మీరే ఒకసారి చూడండి మామయ్యగారూ" అని రిమోట్ చేతికిచ్చాడు. బాబాయి చూశాడు. తన తువ్వాళ్లు, తన కుర్చీ, తుప్పు మరకలతో సహా తన షట్టర్. తూటా తగిలితే అద్దం ఏ ముక్కకా ముక్కగా రాలుతోంది. కుర్చీ వెనక నక్కినవాడు మాత్రం ఎవరికీ కనబడడం లేదు. వాడు లేచి బాంబు విసిరాడు. పొగలో ఏమీ మిగల్లేదు. కాసేపటికి కొట్టు మళ్లీ ముస్తాబై, మళ్లీ చావడానికి నిలబడింది.

"షట్టర్ దించాలంటే ఏది నొక్కాలి అల్లుడూ?"

"దించడం కుదరదు మామయ్యగారూ. పేల్చొచ్చు గానీ మూయలేం."

బాబాయి రిమోట్ పక్కన పడేశాడు. "పగులు కనబడింది గానీ ఈ వెధవలకు తలుపు మూసుకుంటుందని కనబడలేదా!" అని టీవీని తిట్టాడు.

మర్నాడు మాస్టారి కోసం పొద్దుట్నుంచీ ఎదురుచూశాడు. మిగిలిన సగం ఊరికే గీస్తాననీ, చేతులు పట్టుకుని క్షమించమంటాననీ అనుకున్నాడు. మాస్టారు రాలేదు. వీధి మలుపులో కుర్రాళ్ల గుంపు కనబడింది. బాబాయి లోపలే ఉండి షట్టర్ బర్రున లాగేశాడు. అది పాతది, ఎప్పుడూ నేలకు జానెడు ఎత్తున ఆగిపోతుంది. ఆ సందులోంచి ఫోన్లు లోపలికి దూరాయి. వాటికి చిక్కకూడదని ఆయన వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి ఒదిగి కూర్చున్నాడు.

"అరేయ్, ఇటు చూడరా!" అన్నాడు బయట ఒకడు సంబరంగా. "కుర్చీ వెనకే ఉన్నాడు!"