గిలక్కాయ మామ లేని సినిమా

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. డిగ్రీ అయిందనిపించి, అనకాపల్లి గవరపాలెంలో ఒక భాయ్ గారి ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేరిన కొత్త. (డిజైనర్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. పెళ్ళికొడుకు మొహం తెల్లగా చెయ్యడం, పోయినవాళ్ళ ఫోటో వెనక మబ్బులు పెట్టడం, అంతే.) ఊళ్ళో ఎవరి పుట్టినరోజొచ్చినా, ఏ హీరో సినిమా వచ్చినా, కింద వరసలో కుర్రాళ్ళ మొహాలన్నీ పేర్చేది నేనే. ఊళ్ళోవాళ్ళందరినీ జంక్షన్‌లో ఫ్లెక్సీ ఎక్కించాను గానీ మా ఇంట్లోవాళ్ళని ఒక్కరినీ ఎక్కించలేకపోయానే అని ఒకటే ఉక్రోషం. ఊరికే లేచి నిలబడేవాణ్ణి, మళ్ళీ కూర్చునేవాణ్ణి. భాయ్ గారు చూసి, కుర్చీలో మేకులున్నాయా అని అడిగేవారు.

మా అమ్మ అన్నయ్యని ఊరంతా గిలక్కాయ మామ అనేవారు. కుర్రతనంలో కలకత్తా రైలెక్కి పారిపోయి, అక్కడొక పేరుమోసిన నైట్‌క్లబ్బులో బ్యాండు వెనక నిలబడి పాటకి తాళంగా గిలక్కాయలు ఆడించేవాడట. ఒకసారి క్లబ్బువాళ్ళ గిలక్కాయ పగిలిపోతే, తన పెట్టెలోంచి ఏటికొప్పాక లక్క గిలక్కాయ తీసి, దానితోనే డ్యాన్సరు చేత పాటంతా ఆడించాడట. (ఇల్లొదిలి పారిపోయేవాడు పెట్టెలో గిలక్కాయ ఎందుకు పెట్టుకున్నాడని మేమెవరం అడగలేదు.) ఆ ఎర్రటి గిలక్కాయ బీరువా మీద ఉండేది. పిల్లలెవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఇంటికెవరొచ్చినా ఈ కథ చెప్పకుండా మామ కాఫీ తాగనిచ్చేవాడు కాదు. కథ మొదలవగానే మా అత్త "మొదలెట్టేడు కోతలు" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది. డ్యాన్సరు ఊసొచ్చిన పూట కూరలో ఉప్పు ఎక్కువయ్యేది. మామ కిక్కురుమనకుండా తినేవాడు. ఆయన మాట ఆయన పెళ్ళామే నమ్మకపోతే ఊరెందుకు నమ్ముతుంది?

అలాంటిది, సరిగ్గా ఆ క్లబ్బు మీదే సినిమా వస్తోందని, అదీ నిజంగా జరిగిన కథేనని ఒకరోజు నా ఫోన్లో కనబడింది. ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరం? జరిగిన కథ అన్నాక మామ ఉండి తీరాలి కదా, అదీ నా వాదన. మొదట్లో మామ, మనల్నెవరు పెడతారులే అల్లుడూ అని కొట్టిపారేశాడు. తర్వాత, ఒకవేళ పెడితే ఎవరిని పెట్టుంటారని తనే అడిగాడు. నేను చెప్పిన కుర్ర హీరోల్లో ఒక్కడి ముక్కూ ఆయనకి నచ్చలేదు. విడుదల దగ్గరపడేసరికి జుట్టుకి రంగు కూడా వేయించాడు.

నేను ఆగలేక ఫ్లెక్సీ వేసేశాను. ఒకపక్క హీరో, ఒకపక్క గిలక్కాయ పట్టుకున్న మామ, పైన 'వెండితెర మీద మన గిలక్కాయ' అని పెద్దక్షరాలు. కింద వరసలో మా వీధంతా ఉంది. భాయ్ గారు తల పట్టుకున్నారు.

"అరే, సినిమా సూడకుండా ఫ్లెక్సీ ఏటిరా? అందులో మనోడు లేకపోతే ఏటి సేత్తావు?"

లేకపోవడమేమిటి భాయ్, నిజం కథ కదా అన్నాను. ఆ ఫ్లెక్సీ సినిమాహాలు గేటుకి కట్టాం.

మార్నింగ్ షోకి మా వీధంతా కదిలింది. హీరో తెర మీదకి రాగానే కాగితం ముక్కలు చల్లడం మా ఊళ్ళో మామూలే కదా. షాపులోని చిత్తుకాగితాలన్నీ చింపి, బస్తాలో మోసుకెళ్ళి, మామ తెర మీదకి వచ్చాకే చల్లాలని చెప్పి అందరికీ గుప్పెళ్ళతో పంచాను. అత్త పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని మామ పక్కన కూర్చుంది. సంచీ నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

సినిమాలో క్లబ్బు ఓనరు వచ్చాడు. రౌడీ వచ్చాడు. డ్యాన్సరు వచ్చింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను సీట్లోంచి సగం లేచేవాణ్ణి, వెనకాయన భుజం నొక్కి కూర్చోబెట్టేవాడు. నా గుప్పిట్లో కాగితాలు చెమటకి ముద్దయిపోయాయి. క్లబ్బు గేటు దగ్గర సలాం కొట్టేవాడికి కూడా డైలాగు ఉంది గానీ మామ మాత్రం రాడు. ఇంటర్వెల్లో సమోసా తింటూ ఎవరో, నువ్వు సెకండాఫా మామా అని అడిగారు.

"పెద్ద పాట ఇంకా రాలేదు కదేటి," అన్నాడు మామ. "అందులో వత్తాను."

పెద్ద పాట వచ్చింది. డ్రమ్ములవాడు ఉన్నాడు, సాక్సోఫోన్‌వాడు ఉన్నాడు, బాకా ఊదేవాడూ ఉన్నాడు. కెమెరా బ్యాండు చుట్టూ తీరిగ్గా తిరిగింది. మామ నిలబడేవాడినని చెప్పే మూల ఒక పూలకుండీ ఉంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో "కోతలు" అన్నారు. నాకు ఆ సీటు కింద దూరిపోవాలనిపించింది. మామ కండువా సర్దుకుని, ఇంటికి పోదామన్నట్టు మెల్లగా లేచాడు.

అత్త ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగింది.

"కూకో. ఆ పిల్ల ఇంకా ఆడతన్నాది. నువ్వెక్కడికి ఎల్లిపోతావు?"

అని, సంచీలోంచి ఎర్రటి గిలక్కాయ తీసి ఆయన చేతిలో పెట్టింది.

మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఆడించాడు. మొదట దరువు తప్పింది, రెండో చరణానికి కుదిరింది. ఎవడ్రా అని అరిచినవాళ్ళు కూడా ఊరుకున్నారు. నేను తెరవైపు చల్లాల్సిన కాగితాలన్నీ మామ మీద కుమ్మరించాను, వీధి వీధంతా కుమ్మరించింది. టార్చి వేసుకుని తిట్టడానికొచ్చిన హాలు మనిషి పాట అయ్యేదాకా అక్కడే నిలబడిపోయాడు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అత్తని అడిగేశాను, ఇన్నాళ్ళూ కోతలన్నావు కదా, మరి ఆ గిలక్కాయ ఎందుకు తెచ్చావని. మామ అప్పటికే ముందు నడుస్తున్నాడు, రంగేసిన జుట్టునిండా కాగితం ముక్కలు.

"నమ్మకపోతే ఇన్నేళ్ళూ ఆ డ్యాన్సరు మీద ఎందుకేడుత్తానురా?" అంది అత్త.

ఆ ఫ్లెక్సీ చాలా ఏళ్ళు వాళ్ళ డాబా మీద వడియాల కింద పరుపయింది. ఇప్పుడు షాపు నాదే. ఎవరైనా ఆత్రంగా ఫ్లెక్సీ వెయ్యమంటే, ముందు సినిమా చూసి రమ్మని భాయ్ గారిలాగే చెబుతాను. కానీ నేను ఏ సినిమాకి వెళ్ళినా, తెర మీద బ్యాండు కనబడిందో, ఎవరూ లేని మూలకేసి మెడ సాచి చూస్తాను, సీట్లోంచి సగం లేస్తాను. ఎవరికోసమని అడుగుతూ మా ఆవిడ నా చొక్కా పట్టి లాగుతుంది. చేతిలో కాగితం ముక్కలేవీ ఉండవు గానీ, గుప్పిట మాత్రం బిగుసుకునే ఉంటుంది. నవ్వుకుని కూర్చుంటాను.